ఒడియా రెండుని తొమ్మిది అనుకున్నాం: కుక్కపిల్ల సూది వారం లేటైంది, మళ్లీ మొదట్నుంచి వేయించాలా?

పర్లా టైలరమ్మ (జూలై 27)

అందరికీ నమస్తే. మాది పర్లాకిమిడి. ఇంట్లోనే జాకెట్లు కుడతాను. అడగాల్సింది కుక్కపిల్ల గురించి. కాకపోతే కొంచెం వెనక్కెళ్లి చెప్పాలి, లేకపోతే ఒక్క వారానికి ఇంత కంగారేటని నవ్వుతారు.

పిల్ల పేరు బెల్లం. రంగు చూసి పెట్టిన పేరే, కొత్త బెల్లం రంగు. జాతికుక్కేం కాదు, వీధికుక్క పిల్ల. మా అబ్బాయి జూన్‌లో వాళ్ల స్నేహితుడి సందులోంచి చొక్కాలో పెట్టుకుని తెచ్చాడు. ఏప్రిల్ 26న పుట్టిందట. ఆ రోజు ఆ ఇంట్లో పెళ్లి, పందిరి కిందే ఈనింది కాబట్టి తేదీ ఎవరూ మర్చిపోలేదు.

జూన్ 14న ఇక్కడే ఊళ్లో ఒక డాక్టరు దగ్గర మొదటి సూది వేయించాం, సెవెన్ ఇన్ వన్. ఆయన కార్డు మీద రెండోదానికి తేదీ ఒడియాలో రాసిచ్చారు. నాకు ఒడియా మాట్లాడ్డం వచ్చు, బేరమాడ్డం వచ్చు, కోపమొస్తే తిట్టడం కూడా వచ్చు. చదవడమే అంతంత మాత్రం. మా ఆయనది టెక్కలి వైపు, ఆయనకి అసలే రాదు. కార్డు చూసి "జూలై 19" అని గట్టిగా చదివి తెలుగు కేలండర్లో సున్నా చుట్టేశారు. 19న వెళ్తే ఆ డాక్టరు ఊళ్లో లేరు. ఎలాగూ బయల్దేరాం కదా అని ఆటోలో పాతపట్నం వెళ్లిపోయాం. పట్టుమని ఐదు కిలోమీటర్లు లేదు. ఇక్కడ ఒక సందులో ఒడిశా, పక్క సందులో ఆంధ్రా అన్నట్టే ఉంటాయి మా బతుకులు. అక్కడ రెండోది వేశారు.

తిరిగొస్తూంటే హాస్టల్ నుంచి వచ్చిన మా అమ్మాయి ఆటోలో కార్డు చూసి, "అమ్మా, ఇది 19 కాదు, 12" అంది. ఒడియా రెండు అచ్చం ఇంగ్లీషు తొమ్మిదిలా ఉంటుంది చూడండి, అదీ సంగతి. నాలుగు వారాలకి పడాల్సింది అయిదు వారాలకి పడింది.

ఇంత భయం ఎందుకంటే, దీనికి ముందు మాకు రాజు అని ఇంకో పిల్ల ఉండేది. ఉగాది వెళ్లిన వారం ఒక మందుల షాపులో సూది కొన్నాను. కూల్‌డ్రింకులున్న ఫ్రిజ్‌లోంచి తీసి కాగితం కవర్లో పెట్టి ఇచ్చారు. మిట్టమధ్యాహ్నం. సూది వేసే ఆయన ఇంకో ఊళ్లో గేదెను చూడ్డానికి వెళ్లారు, గంటన్నర కూర్చున్నాం. సీసా నా చేతిసంచిలో, సంచి నా ఒళ్లో. ఆయనొచ్చి వేశారు, తెల్లకాగితం మీద తేదీ వేశారు, అయిపోయింది. మూడు వారాలకి వాడు అన్నం మానేశాడు. పసుపుపచ్చ వాంతులు, తర్వాత రక్త విరేచనాలు. ఆ వాసన ఇప్పటికీ మా వసారాలో ఉన్నట్టే ఉంటుంది నాకు. అయిదు రోజులు సెలైన్ ఎక్కించాం. ఏప్రిల్ నెలాఖరున పోయాడు. పార్వో అన్నారు, కుక్కపిల్లల పేగుల్ని పట్టే వైరస్ రోగమట. సూది వేయించాను కదా, మరెందుకొచ్చిందంటే ఎవరూ సరిగ్గా చెప్పలేదు.

మా అత్తగారేమో, "ఈదికుక్కలకి ఎవుడేసినాడే సూదులు? అవి బతకట్లేదేటి?" అంటారు. ఈసారి సూది లేటైందని తెలిసి, "మరింకేటి, పోయినట్టే" అని కూడా అనేశారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ వారం తేడాకి మొదటి సూది వృథా అయిపోయినట్టేనా? మొదట్నుంచి మొదలెట్టాలా? రేబిస్ ఎప్పుడు? రాజు పోయిన వసారాలోనే ఇది తిరుగుతోంది, ఫినాయిల్‌తో నాలుగైదు సార్లు కడిగాం, చాలా? ఇంకోటి, ఒడియాలో రాసిన కార్డు ఆంధ్రా డాక్టర్లు ఒప్పుకుంటారా? పాతపట్నంలో ఏమీ అనలేదు గానీ, రేపు వైజాగ్ తీసుకెళ్తే?

రిటైర్డ్ పశువైద్యుడు, శ్రీకాకుళం జిల్లా

అమ్మా, ముందు నిద్రపోండి. నాలుగు వారాలది అయిదు వారాలైతే ఏ సూదీ వృథా కాదు. మొదట్నుంచి అక్కర్లేదు. ఉన్నచోటు నుంచి ముందుకెళ్లండి.

ఇన్నిసార్లు ఎందుకు పొడుస్తామో తెలిస్తే మీ భయం సగం పోతుంది. మెట్టు మీద మెట్టు కడుతున్నామనీ, ఒకటి జారితే మొత్తం కూలిపోతుందనీ చాలామంది అనుకుంటారు. అది కాదు. ఆవు ఈనగానే జున్నుపాలు దూడకి తాగించాలని మన పెద్దలు ఎందుకు పట్టుబట్టేవారు? తల్లి ఒంట్లో ఉన్న కాపుదల ఆ పాలతోనే దిగుతుంది కాబట్టి. కుక్కకీ అంతే. ఆ కాపుదల పిల్ల ఒంట్లో ఉన్నంతకాలం రోగాన్ని ఆపుతుంది, మనం వేసే టీకానీ ఆపేస్తుంది. టీకాలో ఉన్నదీ బలహీనం చేసిన వైరసే కదా, తల్లి ఇచ్చిన కాపలాకి దొంగెవరో చుట్టమెవరో తెలీదు. ఇది ఒక పిల్లకి ఏడు వారాలకే తగ్గిపోతుంది, ఇంకో పిల్లకి పద్నాలుగు వారాలైనా దిగదు. ఒకే ఈతలో పుట్టిన వాటికే తేడా ఉంటుంది. ఏ రోజు దిగుతుందో బయట్నుంచి కనిపించదు. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలెట్టి, మూడు నాలుగు వారాలకోసారి వేస్తూ, పదహారు వారాలు నిండాక ఒకటి పడేట్టు చూస్తాం. ఆ చివరిదే అసలు కీలకం. మనవాళ్లు రెండు వేయించి, పిల్ల గెంతుతోంది కదా అని మూడోది మానేస్తారు. నా సర్వీసులో పార్వోతో వచ్చిన పిల్లల్లో ఈ బాపతువి చాలా చూశాను.

ఏప్రిల్ 26 లెక్కన మీ బెల్లానికి పదహారు వారాలు ఆగస్టు 16కి నిండుతాయి. రెండోది జూలై 19న పడింది, అక్కణ్నుంచి సరిగ్గా నాలుగు వారాలు. తిథి వార నక్షత్రాలు కుదిరినట్టే కుదిరింది. ఆ రోజు వదలకండి. సెవెన్ ఇన్ వన్‌లో ఎలుక జ్వరం భాగం కూడా ఉంటుంది, లెప్టో అంటారు. దానికి మాత్రం రెండు డోసులు కొన్ని వారాల తేడాలో పడి తీరాలి, మరీ నెలలు దాటిపోతే అదొక్కటీ మళ్లీ మొదలెట్టాలి. మీది అంత దూరం పోలేదు.

ఇక రాజు సంగతి. సూది వల్ల పోలేదమ్మా, సూది పనిచెయ్యక పోయాడు. ఆ సీసాలో అడుగున అంటుకున్న తెల్లటి పొడిబిళ్ల ఉంటుంది, పక్కన ఇంకో సీసాలో నీళ్లమందు. పొడిబిళ్లలో ఉన్నది బతికున్న వైరస్. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఏప్రిల్ ఎండలో గంటన్నర సంచిలో ఉంటే అది ఎంత బతికుందో ఎవరూ చెప్పలేరు. అలాగని ఐసుకి ఆనించి గడ్డకట్టించినా నీళ్లమందు పాడవుతుంది. నేను సైకిలు మీద థర్మాస్ ఫ్లాస్కు తగిలించుకుని ఊళ్లు తిరిగి గేదెలకి గొంతువాపు సూదులు వేసినవాణ్ని. దారిలో ఫ్లాస్కు మూత వదులైందని తెలిస్తే మొత్తం పారబోసి తిట్లు తిన్న రోజులున్నాయి. ఒకవేళ సీసా బాగానే ఉన్నా, తల్లిపాల కాపుదల దిగకముందు పడిన ఒక్క సూదిని నమ్ముకోలేం. రెండిట్లో ఏది జరిగిందో ఇప్పుడు తేలదు. సీసా స్టిక్కరు లేని తెల్లకాగితాన్ని మాత్రం నేను టీకా కింద లెక్కెయ్యను.

దీంతోనే మీ భాష ప్రశ్నకీ జవాబు దొరికింది. కార్డు ఒడియాలో రాశారా తెలుగులో రాశారా అని కాదు, సీసా మీది స్టిక్కరు ఊడదీసి అతికించారా లేదా చూడండి. మందు పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ దాని మీద అచ్చులో ఉంటాయి. పక్కన డాక్టరు సంతకం, ముద్ర. అది ఉంటే వైజాగ్ ఏంటి, గరివిడి వెటర్నరీ కాలేజీకి తీసుకెళ్లినా ఎవరూ మారుమాట్లాడరు. పైన చేత్తో తేదీ రాయించుకునేటప్పుడు నెల పేరు అక్షరాల్లో రాయమనండి, అంకెలు ఇంగ్లీషులో వెయ్యమనండి. మీ ఆయన తప్పేం లేదు, ఆ ఒడియా రెండు నన్నూ రెండుసార్లు ముంచింది.

వసారా. ఇది జాగ్రత్తగా వినండి. ఫినాయిల్‌కి పార్వో చావదు. వాసన మారుతుంది, అంతే. నీడపట్టున, తేమ ఉన్నచోట ఆ వైరస్ నెలల తరబడి, ఏడాది దాకా కూడా ఉండగలదు. సిమెంటు గచ్చు అయితే ముందు సబ్బునీళ్లతో బురదా మురికీ పోయేట్టు రుద్ది కడగాలి. ఆ తర్వాత ఇళ్లలో వాడే ద్రవ బ్లీచ్ ఒక పాలుకి నీళ్లు ముప్పై పాళ్లు కలిపి పోసి, పది నిమిషాలు తడి ఆరకుండా ఉంచి, నీళ్లతో కడిగెయ్యాలి. బ్లీచునీ ఫినాయిల్‌నీ మాత్రం కలపకండి. మట్టినేల అయితే ఇది సరిగ్గా పనిచెయ్యదు, ఆ మూల కొన్నాళ్లు పిల్లని పోనివ్వకండి. రాజు తిన్న గిన్నె, పడుకున్న గోనె ఉంటే దయచేసి తీసెయ్యండి.

రేబిస్ మూడు నెలలు నిండాక వెయ్యాలి. మీది నిండింది, ఈ వారమే వేయించవచ్చు. మేం సాధారణంగా నాలుగు వారాలకి ఇంకోటి వేసి, అక్కణ్నుంచి ఏడాదికోసారి వేస్తాం. ఆంధ్రాలో జూలై 6, జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకి అంటే రోగాల దినం) నాడు పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేసే ఆనవాయితీ ఉంది. అప్పటికి మీదానికి వయసు రాలేదు, వచ్చే ఏడాదికి గుర్తుంచుకోండి. 1885లో లూయీ పాశ్చర్ ఒక కుర్రాడికి మొదటిసారి కుక్కకాటు టీకా వేసింది ఆ తేదీనే.

నట్టల మందు తాగిస్తున్నారా? అది రాయలేదు మీరు. మూడు నెలల దాకా రెండు వారాలకోసారి, ఆరు నెలల దాకా నెలకోసారి, తర్వాత మూడు నెలలకోసారి. బరువు తూచి ఇవ్వాలి, కంటి లెక్కన కాదు.

నాగావళి (రాయగడ)

డాక్టరుగారి మీద గౌరవంతోనే అంటున్నా. మా నాన్న మిల్లులో పనిచేసే రోజుల్లో ఇంట్లో ఎప్పుడూ రెండు కుక్కలుండేవి. గంజన్నం, చేప తలకాయలు, అంతే. ఒక్కటీ ఆసుపత్రి గుమ్మం తొక్కలేదు, ఒకటి పన్నెండేళ్లు బతికింది. ఇప్పుడు చూడబోతే ఏడాదికోసారి ఇది, మూడు నెలలకోసారి అది. మా పక్కింటి ల్యాబ్రడార్‌కి అయ్యే ఖర్చు మా అమ్మ బీపీ మాత్రలకి అవ్వదు. నిజంగా అన్నీ ఏటేటా కావాలా, లేక మీవాళ్ల కిట్టుబాటా?

రిటైర్డ్ పశువైద్యుడు, శ్రీకాకుళం జిల్లా

అన్నీ అక్కర్లేదు. మీరు అడిగారు కాబట్టి దాచకుండా చెబుతాను. పార్వో, డిస్టెంపర్, హెపటైటిస్, ఈ మూడిటికీ పసితనంలో వరస పూర్తయి, ఆరు నెలలప్పుడో ఏడాదికో ఒక బూస్టర్ పడితే, తర్వాత మూడేళ్లకోసారి చాలని అంతర్జాతీయ మార్గదర్శకాలే అంటున్నాయి. ఇక్కడ చాలామంది ఏటా వేస్తారు, అది అలవాటు. మీ డాక్టరునే అడగండి, అడగడంలో తప్పు లేదు. ఎలుక జ్వరానికి మాత్రం కాపుదల ఏడాది మించదు, మన వానలకీ మన ఎలుకలకీ అది కావాల్సిందే. రేబిస్ మనకి ఏడాదికోసారే, అందులో బేరం లేదు.

మీ నాన్నగారి కుక్క పన్నెండేళ్లు బతికింది, సంతోషం. ఆ తల్లికి అదే ఈతలో ఎన్ని పుట్టాయో, ఎన్ని మిగిలాయో కూడా ఎవరైనా లెక్క రాసుంటే బావుండేది. వీధికుక్కకి రోగం తగలదని కాదు, తగిలినవి మనకి కనపడవు.

గుణుపురం పిల్లోడు

మధ్యలో దూరుతున్నా, ఏమీ అనుకోకండి. అందరూ కుక్కల గురించే మాట్లాడుతున్నారు. పిల్లులకీ రేబిస్ సూది ఉంటుందని నాకు పిల్లి కరిచాకే తెలిసింది.

మా ఇంటి పిల్లి ఎవరిదీ కాదు, దానికదే వచ్చింది, ఉండిపోయింది. పోయిన దసరా ముందు ఇంకో పిల్లితో కొట్లాడుతుంటే విడదీయబోయాను. బొటనవేలి మొదట్లో రెండు పళ్లూ దిగాయి. మా అమ్మమ్మ పరుగెత్తుకొచ్చి కారం, పసుపు కలిపి అద్దేసింది. ఆ మంట చెప్పలేను. ఆసుపత్రికి వెళ్తే సిస్టరు ముందు ఆ కారం చూసి నన్ను తిట్టి, కుళాయి కింద చెయ్యి పెట్టించి సబ్బుతో పదిహేను నిమిషాలు గడియారం చూసి కడిగించింది. కడగడమే సగం వైద్యమట. అమ్మమ్మ చెప్పినట్టు బొడ్డు చుట్టూ పద్నాలుగు పొడుస్తారని వణుకుతూ వెళ్లాను. అవన్నీ పాతకాలం సంగతులు, ఆ మందే ఇప్పుడు లేదు. చేతికి వేశారు: ఆ రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. రక్తం వచ్చింది కాబట్టి గాయం చుట్టూ ఇంకో మందు కూడా ఎక్కించారు. నిజం చెప్పాలంటే నొప్పి దానిదే.

పిల్లిని పది రోజులు కనిపెట్టుకుని ఉండమన్నారు. రేబిస్ ఉంటే కుక్కయినా పిల్లయినా ఆలోపే బయటపడుతుందట. అలాగని పది రోజులు చూసి తర్వాత సూదులు మొదలెడదామంటే కుదరదు, మొదలెట్టి చూడాలి. ఆ పది రోజులూ నేను పిల్లికి పాలు పోస్తూ దాని మొహం చూస్తూ కూర్చున్నాను. అది నా మొహం చూసింది. ఇద్దరం బతికాం. పదకొండో రోజు దుప్పట్లో చుట్టి, చిక్కుడుకాయల బుట్టలో పెట్టి సూదికి తీసుకెళ్లాను. రేబిస్ ఒకటి, పిల్లులకి ఉండే త్రీ ఇన్ వన్ ఒకటి. రెండూ ఒకే రోజు వేశారు.

అక్కా, ఒడియా అంకెల గురించి: నాలుగు కూడా చూసుకోండి, అది ఎనిమిదిలా కనిపిస్తుంది. మా వంశధార వంతెన దగ్గర దుకాణంలో నేను నలభై రూపాయల వస్తువుకి ఎనభై ఇచ్చి వచ్చాను ఒకసారి.

పర్లా టైలరమ్మ (జూలై 31)

డాక్టరుగారూ, మీకు శతకోటి దండాలు. జున్నుపాల మాట మా అత్తగారికి చదివి వినిపించాను. ఆవిడ పెరిగింది ఆవుల మధ్య. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత లోపలికెళ్లి రాజు గోనె తెచ్చి పెరట్లో కాల్చేశారు. నేను దాన్ని దాచుకున్నానని ఆవిడకి ముందే తెలుసన్నమాట.

వసారా గచ్చే, మట్టి కాదు. బ్లీచ్ పోశాం. నిన్న రేబిస్ పడింది, పాతపట్నంలోనే. అక్కడి డాక్టరు సూదికి ముందు జ్వరం చూశారు. నూటొకటిన్నర ఉంటే నాకు గుండె ఆగింది. కుక్కకి 101 నుంచి 102న్నర దాకా మామూలే అని నవ్వారు. చిగుళ్లు నొక్కి వదిలి రంగు ఎంత తొందరగా తిరిగొస్తుందో చూపించారు, చెవుల్లో చూశారు, తొడ సందులో రెండు గోమార్లు దొరికితే తీశారు. మీ వైపు పిడుదులు అంటారేమో. వాటి జ్వరానికి ఈ సూదులేవీ పనిచెయ్యవట, వాటి మందు వేరే. బరువుకి మా ఆయన్ని ఎత్తుకోమని ఇద్దర్నీ కలిపి తూచి, ఆయన్ని తీసేశారు. నాలుగు కిలోల ఎనిమిది వందలు. మా ఆయన బరువు కూడా ఆ రోజే బయటపడింది, అది ఇక్కడ రాయను.

సూది అయ్యాక అరగంట కూర్చోమన్నారు, మొహం వాచినా దద్దుర్లొచ్చినా వెంటనే చూడ్డానికి. ఏమీ కాలేదు. రాత్రి కాస్త మగతగా పడుకుంది, తెల్లారి లేచి నా టేపు కొరికింది.

పర్లా టైలరమ్మ (ఆగస్టు 17)

ఇది చెప్పడానికే వచ్చాను. నిన్న మూడోది పడింది. ఇక్కడే, మొదటి సూది వేసిన డాక్టరు దగ్గరే. ముందురోజే ఫోన్ చేసి ఊళ్లో ఉంటారని అడిగి మరీ వెళ్లాం. ఫ్రిజ్ తీసి సీసా నా ముందే పట్టుకున్నారు. అడుగున తెల్లబిళ్ల, మీరు చెప్పినట్టే. నీళ్లమందు సిరంజిలోకి లాగి అందులో కొట్టి మెల్లగా ఊపితే కరిగిపోయింది. ఇంత చిన్నదా, దీనికోసమా నేను ఏడ్చింది అనిపించింది. ఆరు వందల యాభై తీసుకున్నారు. అంకెల సంగతి చెప్తే ఆయనే పగలబడి నవ్వి, ఇకనుంచి తెలుగువాళ్ల కార్డుల మీద ఇంగ్లీషు అంకెలే వేస్తానని మాటిచ్చారు.

మా అత్తగారు కూడా వచ్చారు. పిల్ల తల ఆవిడే పట్టుకున్నారు. సూది దిగుతుంటే బెల్లం కంటే ముందు ఆవిడ "అమ్మో" అన్నారు.

రేబిస్ రెండోది ఆగస్టు 27న. మా అమ్మాయి తెలుగు కేలండర్లో ఒకటి, ఒడియా కేలండర్లో ఒకటి రాసి పెట్టింది. కార్డు మిషను సొరుగులోకి మారింది, ఎందుకంటే నిన్న సాయంత్రమే బెల్లం దాని మూల నమిలేసింది. స్టిక్కర్లు నాలుగూ బాగానే ఉన్నాయి.